ఇక్కడ చేత్తో తినొచ్చా?

ముద్ద పట్టుకున్న చెయ్యి పాప నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

శనివారం సాయంత్రం ఐదున్నర. న్యూజెర్సీలో ఎడిసన్‌కు అరగంట దూరంలో ఉన్న ఒక ఇటాలియన్ రెస్టారెంట్. బల్ల మీద టొమాటో సాస్ వేసిన పాస్తా, వెన్న రాసిన బ్రెడ్డు, నాలుగు క్రేయాన్లు, ఐసు ముక్కలు తేలుతున్న నీళ్ల గ్లాసులు. తెనాలి నుంచి వచ్చి ఇంకా నెల తిరగని నానమ్మ, ఫోర్కుతో కుస్తీ పడుతున్న ఆరేళ్ల మనవరాలిని కాసేపు చూసింది. ఇక చూడలేకపోయింది. పళ్లెం తన వైపు లాక్కుని, పాస్తాను వేళ్లతో చిదిమి, సాసులో అద్ది, చిన్న ముద్ద చేసి అందించబోయింది. పాప నోరు తెరవలేదు. పక్క బల్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "నానమ్మా, నాట్ హియర్" అంది.

నానమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ రెండు మాటలకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ముద్దను పళ్లెం అంచున పెట్టి, ఒళ్లో ఉన్న గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది. కొడుకు మెనూలో తల దూర్చాడు. కోడలు, చిన్నవాడు పడేసిన స్పూను కోసం బల్ల కిందికి వంగింది. స్పూను దొరికాక కూడా కాసేపు అక్కడే ఉంది.

పిల్లలు పుట్టకముందు ఈ దంపతులకు బయట తినడమంటే తిండి ఒక్కటే. శుక్రవారం రాత్రి రైలెక్కి మన్‌హట్టన్ వెళ్లేవాళ్లు. థాయ్, ఇథియోపియన్, మెక్సికన్, ఏది కొత్తగా కనిపిస్తే అది. తొమ్మిదింటికి కూర్చుంటే పదకొండింటికి లేచేవాళ్లు. పాప పుట్టాక అదొక ప్రయాణమైంది. నాలుగేళ్లకు చిన్నవాడు వచ్చాక దండయాత్ర అయింది. సంచిలో డైపర్లు, తడి టిష్యూలు, ఒక జత బట్టలు, సగం తిన్న బిస్కట్ల పొట్లం, నిండుగా చార్జి చేసిన ఫోను. ఐదింటికల్లా హోటల్ తలుపు దగ్గరుండాలి. ఏడు దాటితే రెండేళ్ల చిన్నవాడు ఎవరి మాటా వినడు. పైగా ఐదింటికి వచ్చేది పిల్లలున్నవాళ్లూ, పెద్ద వయసువాళ్లే కాబట్టి కాస్త గోల చేసినా చెల్లిపోతుంది. మూలనున్న బల్ల అడగాలి. హై చెయిర్ కుదురుగా నిలబడుతుందో లేదో ఊపి చూసుకోవాలి. కూర్చోగానే కత్తులు, గాజు గ్లాసులు, మిరియాల పొడి డబ్బా చిన్నవాడికి అందని దూరానికి జరపాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు ఇంట్లోనే జరిగిపోతుంది. బయల్దేరే ముందు పిల్లలిద్దరికీ పప్పన్నంలో నెయ్యి కలిపి గోరుముద్దలు పెట్టేస్తారు. అమెరికాలోని చాలా తెలుగిళ్లలో ఇదేం రహస్యం కాదు. కడుపు నిండిన పిల్లల్ని హోటల్‌కు తీసుకెళ్లడం, వాళ్లు తినని వంటకానికి పది డాలర్లు ఇవ్వడం, మిగిలింది డబ్బాలో కట్టించుకుని ఇంటికి తేవడం, సోమవారం దాన్ని చెత్తబుట్టలో వేయడం. "ఇంట్లో పెట్టేశాక మళ్లీ హోటలెందుకురా?" అని నానమ్మ మొదటి వారమే అడిగింది. పిల్లలు బల్ల దగ్గర కూర్చోవడం నేర్చుకోవాలి కదమ్మా, ఆ పది డాలర్లు ఫీజు అనుకో అన్నాడు కొడుకు. ఆమెకది నచ్చినట్లు లేదు. డాలరును రూపాయల్లోకి మార్చుకుని ఊరుకుంది.

ఆ సాయంత్రం ఆమెను ముందుగా ఆశ్చర్యపరిచింది వెయిట్రెస్. పెద్దవాళ్ల ఆర్డర్లు రాసుకున్నాక ఆ అమ్మాయి పాప పక్కన మోకాళ్ల మీద వంగి, కళ్లలోకి చూస్తూ, ఏం కావాలో అడిగింది. పాప ఏ పాస్తా, ఏ సాసు, చీజ్ పైన చల్లాలా పక్కన పెట్టాలా, తాగడానికి పాలా యాపిల్ జ్యూసా, అన్నీ వరుసగా చెప్పి చివర్న ప్లీజ్ అంది. తెనాలి హోటళ్లలో ఇలాంటిది నానమ్మ ఎప్పుడూ చూడలేదు. అక్కడ తండ్రి చెబుతాడు, సర్వర్ లోపలికి కేకేస్తాడు, పిల్లల ముందుకు ఒక ఇడ్లీయో సగం దోసెయో వస్తుంది. "దాన్ని కూడా పెద్ద మనిషిలా అడిగింది చూడు" అని ఆమె కొడుకుతో మెచ్చుకోలుగా అంది. ఆ మెచ్చుకోలు న్యాయమైనదే. అమెరికా హోటళ్ల మీద ఎన్ని ఫిర్యాదులున్నా, బల్ల దగ్గర కూర్చున్న పిల్లల్ని లెక్కలోకి తీసుకోవడం అక్కడి మంచి అలవాటు. అంత గౌరవంగా అడిగి ఏం పెడతారన్నదే చిక్కు.

ఏ ఊళ్లో చూసినా పిల్లల మెనూ దాదాపు ఒకటే. చీజ్ కలిపిన మాకరోనీ, చికెన్ టెండర్లు, గ్రిల్డ్ చీజ్ శాండ్విచ్, వెన్న రాసిన పాస్తా, చీజ్ పిజ్జా. చాలావాటి పక్కన ఫ్రెంచ్ ఫ్రైస్. ఉప్పు తప్ప మరో రుచి నాలుక్కి తగలదు. దీని వెనక ఓ కథ ఉంది. ఎమ్మెట్ హోల్ట్ అనే పిల్లల డాక్టరు 1894లో పిల్లల పెంపకం, ఆహారం మీద ఒక పుస్తకం రాశారు. పిల్లలకు మెత్తటి, చప్పిడి తిండే మేలని ఆయన సిద్ధాంతం. ఆ పుస్తకం అమెరికా తల్లులకు దశాబ్దాల పాటు పాఠ్యగ్రంథం. 1920లో దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. మద్యం ఆదాయం పోయిన హోటళ్లు కొత్త గిరాకీ వెతుక్కుంటూ, అంతవరకూ పెద్దగా పట్టించుకోని పిల్లల వైపు చూశాయి. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ 1921లో పిల్లలకంటూ ఒక మెనూ పెట్టింది. డాక్టరు గారి పథ్యమే బొమ్మల కాగితం మీదికెక్కింది. 1933లో మద్యనిషేధం పోయింది గానీ పిల్లల మెనూ ఉండిపోయింది. మద్యనిషేధమంటే 1995 నాటి ఎన్టీ రామారావు ప్రభుత్వం గుర్తొచ్చే ఆంధ్రులకు ఇది వింతగానే ఉంటుంది. 1997లో ఎత్తేసేదాకా మన దగ్గరా నిషేధం నడిచింది, ఏ హోటలూ పిల్లల కోసం కొత్త కాగితం అచ్చేయలేదు.

పాప మూడేళ్లప్పుడు పప్పుచారు అన్నం, వేపుడు ముక్కలు, కళ్ల నీళ్లు పెట్టుకుంటూనైనా ఇంత ఆవకాయ తినేది. ఇప్పుడు ఇంట్లో పోపులో ఎండుమిర్చి కనిపించినా "స్పైసీ" అంటుంది. కొన్ని వంటకాలు పిల్లలవని, మిగతావి పెద్దవాళ్లవని ఆ క్రేయాన్ల కాగితం మీద నుంచే నేర్చుకుంది. మన తిండిలో పిల్లలకు వేరే వంట లేదు. అదే అన్నం, అదే పప్పు, కాస్త నెయ్యి ఎక్కువ, కాస్త కారం తక్కువ. తేడా అంతా కలిపే చేతిలో ఉంటుంది.

ఇక నానమ్మ శనివారం నీచు ముట్టదు. కొడుక్కి తీరికుండేది శనివారమే. కోడలికి అదో పరీక్ష. కూరగాయల సూపే అంటారు, చికెన్ ఉడికించిన నీళ్లతో కాస్తారు. సీజర్ సలాడ్‌లో వేసే చిక్కటి రసంలో ఆంకోవీ చేపలుంటాయి. మెక్సికన్ హోటల్లో మెదిపి పెట్టే చిక్కుడు గింజల్లో పంది కొవ్వు ఉండొచ్చు. ఫ్రెంచ్ ఫ్రైస్ అయినా నిర్భయంగా తినొచ్చనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో పశువుల కొవ్వు మాని వెజిటబుల్ ఆయిల్‌తో వేయిస్తున్నామని చెప్పింది. అయినా రుచి కోసం గొడ్డుమాంసం నుంచి తీసిన ఫ్లేవర్ వాడుతోందంటూ 2001లో సియాటెల్‌లో కేసు పడింది. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ తదితర సంఘాలకు కోటి డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఇండియాలో అమ్మే ఫ్రైస్‌లో అది లేదు. అమెరికాలో మాత్రం పదార్థాల జాబితాలో బీఫ్ ఫ్లేవర్ అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది. కోడలు ఈ ప్రశ్నలన్నీ బట్టీ పట్టి వెయిట్రెస్‌ను అడుగుతుంటే, ఆ అమ్మాయి రెండుసార్లు వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చింది. నానమ్మ ఈలోగా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న సీసా తీసి, పాస్తా మీద కారప్పొడి చల్లుకుంది. సగం ఉడికిన సేమ్యాలా ఉందని తీర్పు చెప్పింది.

తిండి సమస్యలు ఎలాగో తీరతాయి. తీరనివి చూపులు. తెనాలి హోటల్లో పిల్లాడు ఏడిస్తే పక్క బల్ల ఆవిడ "ఏమైందమ్మా?" అంటుంది. కౌంటర్ దగ్గరాయన సోంపు గింజలు చేతిలో పోసి ఊరుకోబెడతాడు. అమెరికా హోటల్లో ఎవరూ ఏమీ అనరు. మాట్లాడుతున్నవాళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంటారు. ఆ ఒక్క క్షణం తల్లి మెడ మీద పడుతుంది. చిన్నవాడు కేక పెట్టగానే ఇద్దరిలో ఒకరు వాణ్ని ఎత్తుకుని పార్కింగ్ స్థలంలోకి పోతారు, రెండోవారు తింటారు, ఆ తర్వాత వంతు మారుతుంది. ఇద్దరూ కలిసి వేడివేడిగా తిన్నది ఎప్పుడో గుర్తులేదు.

ఇదే న్యూజెర్సీలో టింటన్ ఫాల్స్ అనే ఊళ్లోని ఒక రెస్టారెంట్, పదేళ్లలోపు పిల్లల్ని మార్చి 8 నుంచి లోపలికి రానివ్వబోమని 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. గోల, హై చెయిర్లకు చోటు లేకపోవడం, కిందపడేసినవి శుభ్రం చేయలేకపోవడం, పరుగులు తీసే పిల్లలకు దెబ్బలు తగిలితే వచ్చే పేచీలు కారణాలుగా చూపింది. పెన్సిల్వేనియాలోని మన్రోవిల్‌లో మరో రెస్టారెంట్ 2011లోనే ఆరేళ్లలోపు వాళ్లకు తలుపు మూసింది. తిట్టినవాళ్లున్నారు, సంతోషించినవాళ్లూ తక్కువేం కాదు. న్యాయంగా చూస్తే వడ్డించేవాళ్ల బాధ కూడా ఉంది. టిప్పుల మీద బతికే ఉద్యోగులకు యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు జీతం ఫెడరల్ చట్టం ప్రకారం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఉంది. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు దాన్ని కొంత పెంచుకున్నాయి. అందుకే కోడలు 20 శాతం టిప్పు పెట్టి, పైన ఇంకో ఐదు డాలర్లు ఉంచి, లేచే ముందు వంగి హై చెయిర్ కింది మెతుకులు టిష్యూతో ఏరుతుంది. భర్త వద్దంటాడు. ఆమె వినదు.

ఆమె భయానికి మరో మూలం కూడా ఉంది. 2011లో నార్వేలోని స్టావాంగర్‌లో శిశు సంక్షేమ అధికారులు ఒక భారతీయ దంపతుల ఇద్దరు పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. చేత్తో తినిపించడాన్నీ, తమ పక్కన పడుకోబెట్టుకోవడాన్నీ తప్పుబట్టారని తల్లిదండ్రులు చెప్పారు. ఆచారాల తేడా దీనికి కారణం కాదని అధికారులన్నారు. 2012లో పిల్లలు ఇండియాకు చేరారు. 2013లో కలకత్తా హైకోర్టు ద్వారా తల్లి దగ్గరికొచ్చారు. 2023లో ఆ కథ హిందీ సినిమాగా వచ్చింది. న్యూజెర్సీ నార్వే కాదని కోడలికి తెలుసు. అక్కడ ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అయినా ఏడాదిన్నర వయసు చెకప్‌లో పిల్లల డాక్టరు, బాబు స్పూను పట్టుకుని తినడానికి ప్రయత్నిస్తున్నాడా అని మామూలుగా అడిగితే, "ఆఁ, రోజూ" అని అబద్ధమాడింది. వాడప్పటికి రోజూ ఆమె చేతి ముద్దలే తింటున్నాడు.

"వాళ్లు మాత్రం చేత్తో తినరా?" అంటాడు భర్త. నిజమే. పిజ్జా, బర్గర్, టాకో అన్నీ చేత్తోనే. చికెన్ వింగ్స్ తినేటప్పుడు కోటు వేసుకున్న పెద్దమనుషులు కూడా వేళ్లు నాకుతారు. అక్కడ విడ్డూరమల్లా ఒకరి చేత్తో ఇంకొకరు తినడమే. ఎవరి పళ్లెం వారిది, ఎవరి ఆర్డరు వారిది. ఆరేళ్ల పిల్లకు పెద్దవాళ్లు నోట్లో పెడుతున్నారంటే, పాపం పిల్లకేమైందోనని జాలిగా చూస్తారు. తెలుగిళ్లలో ఆరేళ్లేమిటి, కొత్తావకాయ కలిపిన రోజు ఖాళీ అయిన బేసిన్‌లోనే వేడన్నం కలిపి, ఉద్యోగం చేసే కొడుక్కి, పెళ్లైన కూతురికి, గుమ్మంలో నిలబడ్డ పక్కింటివాళ్లకు కూడా తలో ముద్ద పెడతారు. ఎవరికీ ఏమీ అనిపించదు. రెండూ మర్యాదలే. ఒకే బల్ల దగ్గర ఇమడవు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక కోడలికి ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. 'నాట్ హియర్' అని పాపకు స్కూల్లో నేర్పలేదు. ఏడాది కిందట ఇలాంటి హోటల్లోనే పాప నోరు తెరిచి "అమ్మా, నువ్వు పెట్టు" అంది. పక్క బల్లలోని ముసలాయన అటే చూస్తున్నాడు. ఆయన నవ్వుతూనే చూస్తున్నాడేమో కూడా, ఆమె అంత గమనించలేదు. తీసిన చెయ్యి దించేసి, "ఇక్కడ కాదు, ఇంటికెళ్లాక" అంది. పాప ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చుకుంది, అంతే. అప్పట్నుంచి ఏ హోటల్ ముందు కారాపినా సీటు బెల్టు విప్పుకుంటూ పాప ఒకే ప్రశ్న అడుగుతోంది: "అమ్మా, ఇక్కడ చేత్తో తినొచ్చా?" హోటళ్లను రెండు రకాలుగా విడదీసి పెట్టుకుంది. చేతి ప్లేస్, ఫోర్క్ ప్లేస్. దంపతులు దాన్ని ముద్దు మాటగా స్నేహితులందరికీ చెప్పుకున్నారు కూడా.

మర్నాడు ఆదివారం ఓక్ ట్రీ రోడ్. ఎడిసన్ నుంచి ఐసెలిన్ దాకా సాగే ఆ వీధిలో చీరల కొట్లు, నగల కొట్లు, మిఠాయి దుకాణాలు, మధ్యమధ్య బిర్యానీ వాసన. అక్కడి హోటళ్లలో పిల్లలు బల్లల మధ్య పరుగెత్తుతుంటే ఎవరూ తలెత్తరు. స్టీలు గ్లాసులు కిందపడి మోగుతుంటాయి. నాలుగు బల్లల్లో మూడింటి దగ్గర ఎవరో ఒక తల్లి కలిపి పెడుతూనే ఉంటుంది, పిల్ల ఫోనులో పాట చూస్తూ మింగుతుంటుంది. (పిల్లల మెనూ అడిగితే అక్కడా చికెన్ నగ్గెట్లూ ఫ్రైసే ఇస్తారన్నది వేరే సంగతి.) పాప కారులోనే అడిగి తెలుసుకుంది. లోపలికి వెళ్లి దోసె తుంచుకుని, చట్నీలో ముంచుకుని శుభ్రంగా చేత్తో తింది. మధ్యలో ఒకసారి నానమ్మ వైపు చూసింది. నానమ్మ భోజనం చెప్పింది. అన్నం రాగానే స్పూను అడిగింది.

ఆ తర్వాత ఇంట్లో కూడా, పాప ఎదురుగా ఉంటే ఆమె స్పూనుతోనే తినసాగింది. పెరుగన్నం కూడా. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. "అమ్మా, నువ్వూ అమెరికా మనిషివైపోయావే" అని కొడుకు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. రెండు రోజులు చూసి, మూడో రాత్రి అంట్లు డిష్ వాషర్‌లో సర్దుతూ కదిపింది.

"పాప తెలియక అంది అత్తయ్యా."

"తెలిసే అందిలే అమ్మాయ్. దాని చెయ్యి దానికొచ్చింది. రావద్దూ మరి?" అంది అత్తగారు. కాసేపాగి, "చిన్నోడున్నాడుగా ఇంకా" అంది. పొయ్యి గట్టు రెండోసారి తుడిచింది.

ఆర్నెల్ల గడువు తీరేసరికి చిన్నవాడు స్పూను పట్టడం నేర్చుకున్నాడు. సగం నోట్లోకి, సగం మెడలోకి. ఈసారి డాక్టరు అడిగితే కోడలు నిజమే చెప్పింది. నానమ్మ తిరుగు ప్రయాణం రోజున నూవార్క్ విమానాశ్రయానికి వెళ్తూ దారిలో ఒక పిజ్జా కొట్టు దగ్గర కారాపారు. మూడు పెట్టెలు డిక్కీలో, ఒకటి ముందు సీట్లో. విమానంలో ఏం పెడతారో ఏమోనని ఇక్కడే నాలుగు ముక్కలు తిని వెళ్లాలన్నది కొడుకు ఆలోచన. ఎర్ర రెక్సిన్ కుర్చీలు, కాగితం పళ్లేలు. ఒక్కో ముక్క పళ్లేనికి రెండు వైపులా వేలాడుతోంది. నానమ్మ అలవాటుగా ప్లాస్టిక్ ఫోర్కు కోసం చెయ్యి చాపింది.

"నానమ్మా, ఇది చేతి ప్లేస్" అంది పాప. కుర్చీ మీద మోకాళ్లేసి నిలబడి, పిజ్జా ముక్కను మధ్యకు నిలువుగా ఎలా మడవాలో, కొస జారకుండా కింద వేలు ఎలా ఆనించాలో చూపించింది. నానమ్మ మడిచింది. నూనె మణికట్టు దాకా కారింది. పాప టిష్యూ అందించి, ఫర్వాలేదు, మొదటిసారి అందరికీ కారుతుందని ధైర్యం చెప్పింది.

పక్కనే హై చెయిర్‌లో చిన్నవాడు తన స్పూను పక్కన పడేసి, నానమ్మ చేతిలోని ముక్క వైపు చూస్తూ నోరు తెరిచాడు. ఆమె అంచున మెత్తటి భాగం తుంచి, ఊది, వేళ్ల మధ్య పెట్టుకుని, ఒకసారి పాప వైపు చూసింది. పాప తన ముక్క మడుచుకునే పనిలో ఉంది.